ఇంట్లో కారు ఛార్జింగ్ పెడితే గృహజ్యోతి పోతుందా?

బట్లహళ్ళి వైపు ఎలక్ట్రిక్ కారు మాట వస్తే, ఎన్ని కిలోమీటర్లు వస్తుందన్న ప్రశ్న తర్వాతే. ముందు అడిగేది "ఇంట్లో ఛార్జింగ్ పెడితే ఫ్రీ కరెంటు పోతుందా?" అని. ఇంటి మీటరుకే తగిలిస్తే చాలా ఇళ్లకు పోతుంది. అయినా భయపడేంత లెక్క కాదని మా అభిప్రాయం.

2023లో మొదలైన గృహజ్యోతిలో ప్రతి ఇంటికీ 200 యూనిట్లు ఉచితం అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అలా కాదు. 2022-23లో మీ ఇంటి నెల సగటు వాడకం, దానిపైన కొంచెం అదనం, అంతే మీ వంతు. దాన్ని దాటి 200 లోపల ఉంటే పైబడిన యూనిట్లకే బిల్లు. 200 దాటితే మొత్తం మనమే కట్టాలి.

ఇప్పుడు కారు లెక్క చూద్దాం. చిన్న ఎలక్ట్రిక్ కారు యూనిట్‌కు సుమారు 6-7 కిలోమీటర్లు నడుస్తుంది. చింతామణి నుంచి బెంగళూరు దాదాపు 75 కిలోమీటర్లు. నెలకు నాలుగుసార్లు వెళ్లొచ్చి, దగ్గర ఊళ్లకు ఇంకో 300 తిరిగితే 900 కిలోమీటర్లు, అంటే 135 యూనిట్లు. ఇంటికి 80 వాడితే మొత్తం 215. యూనిట్ 6 రూపాయల చొప్పున చూసినా 1,300 దగ్గరికి వస్తుంది, నిర్ణీత ఛార్జీ వేరు. అదే 195 దగ్గర ఆగి ఉంటే 650 లోపే. ఆ చివరి 20 యూనిట్లే బిల్లును రెట్టింపు చేశాయి! అయితే అదే దూరానికి పెట్రోలు కారుకు 50 లీటర్లు, 5,000 రూపాయలకు పైమాటే.

ఇంటి ఉచితం నిలబెట్టుకోవాలంటే కారుకు వేరే మీటరు పెట్టించుకోవచ్చు. ఈవీ ఛార్జింగ్‌కు విడి టారిఫ్ ఉంది. 2024 ఫిబ్రవరిలో కేంద్రం సవరించిన వినియోగదారుల హక్కుల నియమాల ప్రకారం అడిగితే వేరే కనెక్షన్ ఇవ్వాలి. గ్రామాల్లో కొత్త కనెక్షన్‌కు గడువు 15 రోజులు. బెస్కాం సహాయవాణి 1912. బిల్లు, అర్జీ కన్నడలో ఉంటాయి కాబట్టి, చదవడం రాని పెద్దవాళ్లు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుంటే మేలు.

బిల్లులో మంజూరైన లోడు ఎంతో కూడా చూడండి. పాత ఇళ్లకు 1 కిలోవాట్ ఉంటే, 15 ఆంపియర్ల సాకెట్‌లో కారు ఒక్కటే 3 కిలోవాట్ల దాకా లాగుతుంది. లోడు పెంచమని ముందే అర్జీ పెట్టుకోవాలి. కారుతో వచ్చే మామూలు ఛార్జర్ చాలు, 24 యూనిట్ల బ్యాటరీ రాత్రి 9 గంటల్లో నిండుతుంది. 7 కిలోవాట్ల గోడ ఛార్జర్‌కు వైరింగ్, లోడు అన్నీ మార్చాలి, పల్లె ఇంటికి అంత అవసరం లేదు.

అన్నిటికన్నా ముఖ్యం ఎర్తింగ్. మన నేల ఎండు నేల. వేసవిలో ఎర్త్ గుంత ఆరిపోతే ఛార్జర్ ఎర్రలైటు చూపి ఆగిపోతుంది. కారు చెడిందని చాలామంది షోరూముకు పరిగెడతారు. గుంతలో ఉప్పు, బొగ్గు వేసి అప్పుడప్పుడు రెండు బిందెల నీళ్లు పోయండి. సాకెట్‌కు మీటరు నుంచి నేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దే వద్దు, గంటల తరబడి వేడెక్కి కరిగిపోతుంది.

హైబ్రిడ్ అన్నాక ఛార్జింగ్ తప్పదనుకోకండి. మన దగ్గర కనిపించే ఇన్నోవా హైక్రాస్, గ్రాండ్ విటారా హైబ్రిడ్లకు ప్లగ్గే ఉండదు, పెట్రోలుతోనే బ్యాటరీ నింపుకుంటాయి. ప్లగ్ ఉన్న హైబ్రిడ్లు మన దేశంలో చాలా అరుదు, అవీ ఖరీదైనవే.

ఇక తోటలో బోరు దగ్గర ఫ్రీ కరెంటు ఉంది కదా అని కారును అక్కడికి తోలుకెళ్లే ఆలోచన మానుకోండి. అది పంపుసెట్టుకు ఇచ్చిన కనెక్షన్. వేరే పనికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద, ఆ వాడకానికి వర్తించే టారిఫ్‌కు రెండింతలు వసూలు చేస్తారు.