పత్తి మనది, ధర వాళ్లది

జైనూర్‌లో కూలక్క పత్తి ఏరుతది. దాని ధర మాత్రం సముద్రాల అవతలి బజారు చూసి కడతరు. ఇది నేటి కత కాదు.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై ఇంగ్లండు మిల్లులకు పత్తి ఆగింది. తెల్లదొరల కన్ను మన పొరుగు బేరారు నల్లరేగళ్ల మీద పడ్డది. 1865లో యుద్ధం ముగిసింది. ధర కూలింది, అప్పులు రైతు నెత్తిన మిగిలాయి.

భూమి కోసం కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిండు. ఆ గూడేల చేన్లలోకీ పత్తి వచ్చింది. 2002లో బీటీ పత్తికి అనుమతి ఇచ్చినంక విత్తనం కంపెనీల చేతికి పోయింది. 2025 ఆగస్టులో కేంద్రం 11 శాతం దిగుమతి సుంకం ఆ ఏడాది చివరిదాకా ఎత్తేసింది. సరిగ్గా మన పత్తి బజారుకొచ్చే కాలమే!

పట్టా ఒక్కటే చాలదు. పత్తికి గిట్టుబాటు ధర, ఏరే చేతికి న్యాయమైన కూలి కావాలె. రెండూ ఒకే పోరాటం.