యానాంలో ఎమ్మెల్యే ఉన్నాడు, వార్డు కౌన్సిలర్ లేడు

పుదుచ్చేరి శాసనసభలో యానాంకి ఒకటే సీటు. 1996 నుంచి 2016 దాకా ఐదుసార్లు మల్లాడి కృష్ణారావే గెలిచారు. 2021లో ఆయన తప్పుకుని ఎన్.రంగసామిని బలపరిస్తే, ఓటర్లు స్వతంత్ర అభ్యర్థి గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్‌ను 655 ఓట్ల తేడాతో గెలిపించారు. గాడ్‌ఫాదర్ చెప్పినవారికే ఓటన్న లెక్క తప్పింది.

అది ఒక్క రోజు మాట. మిగతా ఐదేళ్లో? ఇక్కడ మునిసిపల్ ఎన్నికలు 1968 తర్వాత 2006లోనే జరిగాయి. ఆ కౌన్సిళ్ల గడువు తీరాక మళ్లీ జరపలేదు. కౌన్సిలర్ లేనిచోట మురుగుకాలువకైనా, పింఛనుకైనా ఎమ్మెల్యే ఇంటికో ఆయన మనిషి దగ్గరికో వెళ్లాలి. హక్కుగా రావలసినది ఉపకారంగా వస్తుంది. ఉపకారం పొందినవాడు అడగడానికి జంకుతాడు, పోటీకి నిలబడడానికి మరీను. వార్డులో నిలబడదామనుకునే కుర్రాడికి ప్రస్తుతం ఏదో ఒక పెద్దాయన వెనక తిరగడమే మిగిలింది.