చలికి మొరాయించే బండి

ఎండకు అలవాటు పడ్డ నేలలో బండి లోపాలు వేసవిలో పుడతాయి, చలికాలంలో బయటపడతాయి. కర్నూలు జిల్లా ఆస్పరి తెల్లవారుజాము నుంచి కశ్మీరు కొండల దాకా, అక్కడి నుంచి అమెరికాలోని చికాగో, కెనడాలోని ఎడ్మంటన్ దాకా చలి వాహనాన్ని ఎక్కడెక్కడ పట్టుకుంటుందో, దానికి విరుగుడేమిటో వివరించే కథనం.

చలికి వాహనం మొరాయించడానికి ముఖ్య కారణాలు నాలుగు. బ్యాటరీలో రసాయన చర్య మందగిస్తుంది. ఇంజిన్ ఆయిల్ చిక్కబడుతుంది. డీజిల్‌లో మైనం పేరుకుంటుంది. రేడియేటర్‌లో నీళ్లు గడ్డకడతాయి. వీటికి తోడు టైర్లలో గాలి తగ్గుతుంది, అద్దాలు మసకబారతాయి. ఒక్కోటి ఒక్కో ఉష్ణోగ్రత దగ్గర మొదలవుతుంది కాబట్టి, బండి తిరిగే చోటును బట్టి జాగ్రత్త మారుతుంది.

పశ్చిమ కర్నూలులో కనిపించేవి వీటిలో మొదటి రెండే. ఆస్పరి, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో వేసవి పగళ్లు 40 డిగ్రీలు దాటతాయి. పుష్యమాసం తెల్లవారుజామున చలి 15 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. ఆ మాత్రం చలికి బాగున్న బండి ఏదీ ఆగదు. అయినా ఆస్పరి మార్కెట్‌కు టమోటా గంపలు వేసుకుని బయల్దేరాల్సిన పికప్, ఆదోని యార్డుకు పత్తి తోలాల్సిన ట్రాక్టరు ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టినా ఎత్తుకోకుండా వాకిట్లోనే ఉండిపోయేది ఈ రోజుల్లోనే. ఇక్కడ చలి కొత్తగా చేసే నష్టం తక్కువ. అప్పటికే ఉన్న లోపాన్ని అది బయటపెడుతుంది.

ఇక్కడి బండ్లన్నీ ఇక్కడే తిరగవు. కర్నూలు మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఒక కొస శ్రీనగర్‌లో ఉంది. హైదరాబాద్, నాగపూర్, ఆగ్రా, ఢిల్లీ దాటి జమ్మూ ఎక్కే లారీ ఒకే ప్రయాణంలో నలభై డిగ్రీల తేడా చూడగలదు. ఆంధ్రప్రదేశ్‌లోనే చింతపల్లి మండలం లంబసింగిలో చలి సున్నాకు చేరువవుతుంది. తెలంగాణలో ఆదిలాబాద్ ప్రాంతం 5 డిగ్రీల లోపుకు దిగిన సంవత్సరాలున్నాయి. చదువుకో ఉద్యోగానికో అమెరికా, కెనడా వెళ్లిన తెలుగువాళ్లు మైనస్ 20, మైనస్ 30 డిగ్రీల్లో కారు నడుపుకోవాలి.

దెబ్బ వేసవిది, నొప్పి చలికాలానిది

బ్యాటరీలో సీసపు పలకలు, సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిసిన నీరు ఉంటాయి. వేడి పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపవుతుంది. మే నెల ఎండలో, బానెట్ కింది సెగలో బ్యాటరీ నీరు ఆవిరవుతుంది, పలకలు త్వరగా అరిగిపోతాయి. వేసవిలో ఇంజిన్ తేలిగ్గా తిరుగుతుంది కాబట్టి ఆ అరుగుదల బయటికి తెలియదు. చలి పడ్డాక పరిస్థితి తిరగబడుతుంది. సున్నా డిగ్రీల దగ్గర బ్యాటరీ స్టార్టింగ్ శక్తిలో దాదాపు మూడో వంతు, మైనస్ 18 దగ్గర సగానికి పైగా పడిపోతుంది. అదే సమయంలో చిక్కబడ్డ ఆయిల్ వల్ల ఇంజిన్ తిప్పడానికి మామూలు కన్నా ఎక్కువ బలం కావాలి. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన ఆ ఉదయమే సెల్ఫ్ మోటారు టక్ టక్ మని ఆగిపోతుంది.

బ్యాటరీ ఆరోగ్యం మల్టీమీటరుతో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. రాత్రంతా ఆగి ఉన్న బండిలో 12.6 వోల్టులుంటే చార్జి నిండుగా ఉన్నట్టు. 12.4 దగ్గర ముప్పావు వంతు ఉన్నట్టు. 12.0కు దిగితే దాదాపు ఖాళీ. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య చూపకపోతే లోపం ఆల్టర్నేటర్‌లో వెతకాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజీ 9.6 కన్నా కిందికి జారితే ఆ బ్యాటరీకి రోజులు దగ్గరపడినట్టే.

చాలాసార్లు దోషం బ్యాటరీది కూడా కాదు. ప్లస్ టర్మినల్ చుట్టూ తెల్లగా, నీలంగా పేరుకునే పొడి కరెంటును అడ్డుకుంటుంది. ముందు మైనస్ వైరు, తర్వాత ప్లస్ వైరు విప్పాలి. వంటసోడా కలిపిన నీళ్లు పోస్తే ఆ పొడి నురగలు కక్కుతూ కరిగిపోతుంది. పాత బ్రష్షుతో రుద్ది, ఆరబెట్టి, క్లాంపులు బిగించి పైన పెట్రోలియం జెల్లీ రాయాలి. బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ తర్వాత.

గడ్డకట్టే చోట్ల మరో ప్రమాదం ఉంది. పూర్తి చార్జి ఉన్న బ్యాటరీ మైనస్ 50 డిగ్రీల్లోనూ గడ్డకట్టదు. పూర్తిగా డౌనైన బ్యాటరీలో మిగిలేది దాదాపు నీరే కాబట్టి మైనస్ 10 దరిదాపుల్లోనే గడ్డకడుతుంది. పక్కలు ఉబ్బిన, గడ్డకట్టిన బ్యాటరీకి చార్జింగ్ పెట్టకూడదు, వేరే బండి నుంచి కరెంటు ఇవ్వకూడదు. పగిలి ఆమ్లం చిమ్ముతుంది.

సెల్ఫ్ ఎత్తుకోనప్పుడు

సెల్ఫ్‌ను ఒక్కసారికి పది సెకన్లకు మించి కొట్టకూడదు. మధ్యలో కనీసం అర నిమిషం ఆగాలి. లైట్లు, ఫ్యాను, మ్యూజిక్ ముందే ఆపాలి. మాన్యువల్ గేరు బండిలో క్లచ్ అదిమితే గేర్‌బాక్స్ బరువు సెల్ఫ్ మీద పడదు. డీజిల్ బండిలో తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద చుట్టలాంటి గుర్తు వెలుగుతుంది. హీటర్ ప్లగ్గులు వేడెక్కుతున్నాయని దానర్థం. అది ఆరేదాకా ఆగి సెల్ఫ్ కొట్టాలి.

వేరే బండి బ్యాటరీ నుంచి కరెంటు తీసుకునేటప్పుడు వరుస ముఖ్యం. ఎర్ర వైరు ఒక కొస డౌనైన బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కు తగిలించాలి. నల్ల వైరు ఒక కొస మంచి బ్యాటరీ మైనస్‌కు, రెండో కొస డౌనైన బండి ఇంజిన్ మీద రంగు వేయని గట్టి ఇనుప భాగానికి పెట్టాలి. చివరి కొసను బ్యాటరీకి దూరంగా పెట్టమనేది అక్కడ వెలువడే హైడ్రోజన్‌కు నిప్పురవ్వ తగలకుండా ఉండేందుకు. మంచి బండిని కొన్ని నిమిషాలు నడవనిచ్చి, ఆ తర్వాత డౌనైన బండి సెల్ఫ్ కొట్టాలి. వైర్లు తగిలించిన వరుసకు తిరగేసి విప్పాలి. మన దగ్గర అలవాటైన తోసి స్టార్ట్ చేసే పద్ధతి మాన్యువల్ గేరు బండ్లకే. ఆటోమేటిక్ బండి తోస్తే స్టార్ట్ కాదు.

ఆయిల్ డబ్బా మీది అంకె

15డబ్ల్యూ–40 అనే గుర్తులో డబ్ల్యూ చలికాలానికి సంకేతం. దాని ముందున్న అంకె ఎంత తక్కువైతే చలిలో ఆ ఆయిల్ అంత పలచగా ఉంటుంది. 20డబ్ల్యూ రకాన్ని మైనస్ 15 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు. 15డబ్ల్యూను మైనస్ 20, 5డబ్ల్యూను మైనస్ 30, 0డబ్ల్యూను మైనస్ 35 దగ్గర పరీక్షిస్తారు. వేడి ప్రాంతంలో పాత ఇంజిన్లకు పోసే 20డబ్ల్యూ–50 ఆస్పరిలో ఏ ఇబ్బందీ పెట్టదు. ఎడ్మంటన్‌లో అదే ఆయిల్ ఇంజిన్‌ను కదలనివ్వదు. బండి తయారీదారు పుస్తకంలో ఆ ప్రాంతపు చలికి సూచించిన రకమే పోయాలి.

అంతకు మించిన చలికి ఇంజిన్‌నే వేడిగా ఉంచే బ్లాక్ హీటర్ వాడతారు. అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రానికి చెందిన ఆండ్రూ ఫ్రీమన్ ఇలాంటి హీటర్‌కు 1949లో పేటెంటు పొందారు. కెనడా ప్రయరీ మైదానపు నగరాల్లో పార్కింగ్ స్థలాల దగ్గర ప్లగ్గు పాయింట్లు కనిపించేది ఇందుకే. రాత్రి బండి ముందు నుంచి వేలాడే వైరును అక్కడ తగిలిస్తే పొద్దున ఒక్క సెల్ఫ్‌కే ఇంజిన్ అందుకుంటుంది. స్టార్ట్ అయ్యాక చాలాసేపు ఆపి ఉంచి వేడి చేయాల్సిన పని లేదు. అర నిమిషం, నిమిషం ఆగి, మొదటి కొన్ని కిలోమీటర్లు నెమ్మదిగా నడిపితే చాలు.

డీజిల్‌లో మైనం

డీజిల్‌లో సహజంగానే మైనం ఉంటుంది. చలికి కొబ్బరినూనె పేరుకున్నట్టు అది గట్టిపడి ఫిల్టరును మూసేస్తుంది. ఇంజిన్ స్టార్టయి కొద్ది దూరం పోయి ఆగిపోవడం దీని లక్షణం. డీజిల్ ఫిల్టరును దాటగలిగే కనిష్ఠ ఉష్ణోగ్రతకు భారతీయ ప్రమాణాలు పెట్టిన హద్దు వేసవి సరుకుకు 18, చలికాలపు సరుకుకు 6 డిగ్రీలు. కర్నూలు రోడ్ల మీద ఈ హద్దుతో పేచీ రాదు. జమ్మూ నుంచి శ్రీనగర్ వెళ్లే దారిలో బనిహాల్ దాటాక వస్తుంది.

అందుకే దక్షిణాదిలో పోయించిన డీజిల్‌తో ట్యాంకు నిండుగా కొండెక్కకూడదు. జమ్మూ చేరేసరికి ట్యాంకు తగ్గించుకుని, పైన అక్కడి చలికి తగ్గ సరుకు నింపుకోవాలి. లదాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ సంస్థ పానిపట్ రిఫైనరీలో తయారైన ప్రత్యేక చలికాలపు డీజిల్‌ను 2019 నవంబరులో విడుదల చేసింది. అది మైనస్ 33 డిగ్రీల దాకా పారుతుంది. అంతకుముందు డ్రైవర్లు డీజిల్‌లో కిరోసిన్ కలిపేవారు, ట్యాంకు కింద మంట పెట్టేవారు. కిరోసిన్‌కు జిడ్డుగుణం తక్కువ కాబట్టి బీఎస్–6 ఇంజిన్ల పంపు, ఇంజెక్టర్లు పాడవుతాయి. మంట సంగతి చెప్పనక్కర్లేదు. కొత్త లారీల్లో పోసే డీఈఎఫ్ అనే యూరియా ద్రవం మైనస్ 11 దగ్గర గడ్డకడుతుంది. దాని ట్యాంకులో హీటరు ఉంటుంది కాబట్టి కరిగేదాకా ఓపిక పట్టాలి, వేడినీళ్లు కలపకూడదు.

రేడియేటర్‌లో బోరు నీళ్లు

గడ్డకట్టిన నీరు సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది. ఆ ఒత్తిడికి రేడియేటర్ పగులుతుంది, ఇంజిన్ బ్లాక్ చీలుతుంది. ఒక్క రాత్రిలో జరిగే ఈ నష్టం బండి ధరలో పెద్ద భాగాన్ని మింగేస్తుంది. వేడి ప్రాంతాల్లో పాత బండ్లకు బోరు నీళ్లు పోసి నడిపే అలవాటు గడ్డకట్టే చోట ఇంజిన్‌కు ప్రాణాంతకం. ఆ నీళ్లలోని లవణాలు గొట్టాల్లో పొలుసుగా పేరుకుని వేసవిలో ఇంజిన్‌ను కాగబెడతాయి, చలిలో ఆ నీళ్లే గడ్డకడతాయి.

కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపితే ఆ మిశ్రమం మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు, 100 డిగ్రీల దగ్గర మరగదు. అంటే ఆదోని ఎండకూ శ్రీనగర్ చలికీ ఒకటే మందు. కూలెంట్ ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోవడం పొరపాటు. నీరు కలపని ఇథిలిన్ గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. కింద ఒలికితే కడిగేయాలి, డబ్బాను పిల్లలకు, పశువులకు అందకుండా ఉంచాలి.

టైర్లు, అద్దాలు, పొగమంచు

ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గితే టైరులో గాలి సుమారు 1.5 పీఎస్‌ఐ పడిపోతుంది. ఎమ్మిగనూరులో 35 డిగ్రీల పగటి వేళ 32 పీఎస్‌ఐ కొట్టించిన టైరు, మైనస్ 5 డిగ్రీల చోట 26కు దిగుతుంది. గాలి ఎప్పుడూ టైరు చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. 7 డిగ్రీల కన్నా చలి ఎక్కువైతే మామూలు టైరు రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా చలికాలపు టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. హిమాలయ దారుల్లో ఇంజిన్ బలం అందే చక్రాలకు గొలుసులు చుడతారు. గొలుసులు వేశాక నెమ్మదిగా పోవాలి, మంచు దాటగానే విప్పేయాలి. నున్నటి మంచు మీద బ్రేకు గట్టిగా తొక్కితే బండి జారుతుంది. గేరు తగ్గించి, ముందు బండికి మామూలు కన్నా ఎన్నో రెట్లు దూరం పాటించాలి.

అద్దం మీది మంచుకు వేడినీళ్లు పోయకూడదు, గాజు పగులుతుంది. గీకే పరికరంతో తీయాలి. లోపలి ఆవిరి పోవాలంటే ఏసీ వేసి, వేడి గాలిని అద్దం వైపు తిప్పి, బయటి గాలి లోపలికి వచ్చే మీట నొక్కాలి. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది. గడ్డకట్టే చోట హ్యాండ్‌బ్రేకు వేసి వదిలితే కేబుల్ బిగుసుకుపోతుంది. చదునైన చోట గేరులో పెట్టి, చక్రానికి రాయి అడ్డం పెట్టడం మేలు.

దక్షిణాది డ్రైవరుకు మంచుగడ్డ కన్నా ముందు ఎదురయ్యేది పొగమంచు. ఆగ్రా, ఢిల్లీ, పానిపట్ మైదానంలో డిసెంబరు, జనవరి నెలల్లో అది రోడ్డును కమ్మేస్తుంది. హైబీమ్ వేస్తే వెలుగు తిరిగి కళ్లలోనే కొడుతుంది కాబట్టి లోబీమ్, ఫాగ్ లైట్లు వాడాలి. కదులుతున్న బండికి నాలుగు ఇండికేటర్లూ వేస్తే వెనకవాళ్లు ఆగిన బండి అనుకుంటారు. ఆగాల్సి వస్తే రోడ్డు పూర్తిగా దిగి ఆగాలి.

మంచులో చిక్కుకుంటే

2022 జనవరిలో పాకిస్తాన్‌లోని మర్రీ దగ్గర కొండ దారిలో మంచులో చిక్కుకున్న వాహనాల్లో 20 మందికి పైగా చనిపోయారు. మంచు పొగ గొట్టాన్ని మూసేస్తే కార్బన్ మోనాక్సైడ్ కారులోకి చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. చిక్కుకున్నవాళ్లు కారు వదిలి నడవకూడదు. ముందు పొగ గొట్టం చుట్టూ మంచు తీయాలి. గంటకు పది నిమిషాల చొప్పునే ఇంజిన్ నడపాలి. నడిపినంతసేపూ ఒక కిటికీ కొద్దిగా తెరిచి ఉంచాలి. తలనొప్పి, వికారం మొదలైతే వెంటనే ఇంజిన్ ఆపాలి. తలుపులు మూసిన షెడ్డులో బండి వేడెక్కించడం కూడా ఇంతే ప్రమాదం. దుప్పటి, పార, టార్చి, తాగునీళ్లు, చార్జి నిండిన ఫోను బండిలో ఉండాలి.

ఎలక్ట్రిక్ కారు

ఎలక్ట్రిక్ కారుకు ఆయిల్, డీజిల్ బెడద లేదు. దాని ఇబ్బంది దూరం తగ్గిపోవడం. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2019లో చేసిన పరీక్షలో దాదాపు మైనస్ 7 డిగ్రీల దగ్గర హీటరు వేసి నడిపితే కారు పోగల దూరం సగటున 41 శాతం తగ్గింది. 2024 జనవరిలో చికాగోను తీవ్ర చలి కమ్మినప్పుడు చార్జింగ్ స్టేషన్ల దగ్గర కార్లు గంటల తరబడి బారులు తీరాయి. చల్లబడ్డ బ్యాటరీ చార్జిని నెమ్మదిగా తీసుకుంటుంది. ప్లగ్గులో ఉండగానే కారును, బ్యాటరీని వేడెక్కించుకుని బయల్దేరడం, క్యాబిన్ హీటరు బదులు సీటు హీటరు వాడటం దీనికి విరుగుడు.

ఎప్పుడు ఏం చేయాలి

వేసవి ముగిసిన వెంటనే బ్యాటరీ నీరు చూసి, తగ్గితే డిస్టిల్డ్ వాటర్ పోయాలి. దీపావళి నాటికి వోల్టేజీ పరీక్ష, టర్మినళ్ల శుభ్రత ముగియాలి. మూడు నాలుగు వేసవులు చూసిన బ్యాటరీ ఈ పరీక్షలో తడబడితే అప్పుడే మార్చాలి. పశ్చిమ కర్నూలు దాటని బండికి ఇంతే చాలు. లంబసింగికో ఆదిలాబాద్‌కో వెళ్లేదైతే కూలెంట్, టైర్ల గాలి, ఫాగ్ లైట్లు కూడా చూసుకోవాలి. జమ్మూ దాటే లారీకి వీటితోపాటు చలికాలపు డీజిల్, గొలుసులు కావాలి. ఆగస్టులో అమెరికా, కెనడా చేరి పాత కారు కొనే విద్యార్థి అక్టోబరులోపే బ్యాటరీ, ఆయిల్ రకం, కూలెంట్, టైర్లు మెకానిక్‌కు చూపించుకుని, జంపర్ వైర్లు డిక్కీలో పెట్టుకోవాలి.