ఇంటి చిత్రశాలకు తగిన కంప్యూటరు

హిందూపురమున టీవీ లేని యిల్లు నేడు వెదకినను కానరాదు. పెనుకొండలోను ధర్మవరమునను అంతియే. కాని యా తెరమీద నేమి చూడవలెను, ఎప్పుడు చూడవలెను అను నధికారము ఇల్లాలికి దక్కినది కొద్ది యిండ్లలోనే. పెండ్లినాటి సీడీలొక పెట్టెలో, పిల్లల పాఠములు పెన్‌డ్రైవులో, కొడుకు తీసిన చిత్రములు ఫోనులో, పాత నాటకములు మరెక్కడనో పడియుండును. వీనినన్నిటిని ఒక్కచోట చేర్చి, టీవీనే తెరగా చేసికొని, కూర్చున్నచోటినుండియే నడపుకొనుటకు వీలైన చిన్న కంప్యూటరును హోమ్ థియేటరు కంప్యూటరని యందురు. విడిభాగములుగా కొని కూర్చుకొన్నచో దీని వ్యయము మన చేతిలో నుండును. అయితే ఏ భాగమునకు డబ్బు పెట్టవలెనో, దేనియందు బిగబట్టవలెనో ముందు తెలిసియుండవలెను.

సోదరీమణులారా, నెలచందా కట్టి చూచెడి సినిమాలే మీకు చాలునేని ఈ యంత్రము మీకు వలదు. టీవీ వెనుక గుచ్చెడి చిన్న స్టిక్కు కొనుడు. నెట్‌ఫ్లిక్సు వంటి సంస్థలు తమ మేలిరకపు బొమ్మను కంప్యూటరులోని బ్రౌజరులన్నిటికిని ఈయవు, స్టిక్కున కిచ్చును. తక్కువ సొమ్ముతో పోవుదానికి ఎక్కువ పెట్టుట యెందులకు?

మా యింటి సంగతి వేఱు. మా అత్తగారి పెట్టెలో మూడు వీడియో క్యాసెట్లున్నవి. ధర్మవరము దగ్గఱి నిమ్మలకుంట తోలుబొమ్మలాటకు పేరొందిన యూరు. అచ్చటి యాటగాండ్రు మా మామగారి గ్రామమునకు వచ్చి ఒక రాత్రి రామాయణ మాడగా, బంధువొకరు పట్టిన టేపులవి. ఆట నడుమ నడుమ మామగారు మెచ్చుకొనుచు పలికిన మాటలు అందు వినవచ్చును. ఆయన గతించినారు. ఆ కంఠము మరియెచ్చటను లేదు. టేపు ఏండ్లు గడచినకొలది క్షీణించును. దానిని నడపు యంత్రములా, చివరివరకు చేయుచుండిన జపానుదేశపు ఫునాయ్ సంస్థయు 2016వ సంవత్సరమున మానుకొనెను. అందువలన, చీటి కట్టి కూడబెట్టిన ముప్పదివేల రూపాయలు దీనికే యని నిశ్చయించితిమి. మా వారు బడిపంతులు. ఆ మొత్తము మరల చేరవలెనన్న చాల కాలము పట్టును. కావున ప్రతి భాగమును విచారించియే కొంటిమి.

భాగములలో ప్రధానమైనది ప్రాసెసరు. వీడియో యనునది పెట్టెలోని పట్టుచీరవలె మడతలు పెట్టి దాచబడును. ఆ మడతపెట్టు విధములకు పేర్లున్నవి: 2003లో వచ్చినది హెచ్.264, 2013లో వచ్చినది హెచ్.265, 2018లో వచ్చినది ఏవీ1. క్రొత్త విధమైనకొలది అదే బొమ్మ తక్కువ చోటులో ఇముడును, కాని విప్పుట కష్టతరమగును. ప్రాసెసరులో ఈ మడత విప్పుటకే యేర్పడిన చిన్న భాగమొకటి యున్నచో పని సుళువుగా సాగును, వేడి పుట్టదు. అది లేనిచో ప్రాసెసరంతయు ఆ పనికే పూనుకొని ఆయాసపడును, ఫ్యాను బుసకొట్టును, బొమ్మ తడబడును. కనుక కొట్టులో 'ఎంత వేగము?' అని యడుగుటకంటె 'ఇది హెచ్.265ను పది బిట్ల రకముతో సహా విప్పునా? ఏవీ1ను విప్పునా?' అని యడుగుట మేలు. ఇంటెల్ వారి యేడవ తరము మొదలు మొదటిదియు, పదునొకండవ తరము మొదలు రెండవదియు విప్పగలవు. ఏఎండీ వారి రైజెన్ 5600జీ బలమైనదే యైనను ఏవీ1 విప్పు భాగము దానికి లేదు. మేము ఐ3-12100 అనుదానిని ఎంచితిమి. 2023లో వచ్చిన ఎన్100 అను ఆరు వాట్ల చిన్న ప్రాసెసరును ఈ పనికి చాలును. అది బోర్డుతో కలిసియే వచ్చును. కొన్ని బోర్డులపై దానికి ఫ్యానే యుండదు. ఇంట సినిమాలు తప్ప వేఱు పని లేనివారికి అదియే చౌక. మా పిల్లల చదువు పనులును దీనిమీదనే సాగవలసియుండుటచే మేము కొంచెము పెద్దది తీసికొంటిమి.

ఇక్కడ నొక చిక్కున్నది. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర 'ఎఫ్' అను అక్షరమున్నచో దానిలో బొమ్మను తెరకు పంపు భాగము పనిచేయదని యర్థము. ఐ3-12100 వేఱు, ఐ3-12100ఎఫ్ వేఱు. రెండవది కొంత చవుక. ధర్మవరమున మా బంధువుల పిల్లవాడొకడు ఆ చవుకకు మురిసి కొని తెచ్చెను; అంతయు బిగించి మీట నొక్కగా తెర నల్లగానే యుండెను. పిమ్మట ప్రత్యేకముగా గ్రాఫిక్స్ కార్డు కొనవలసివచ్చి, మిగిలినదనుకొన్న దానికి మూడింతలు పోయెను.

గ్రాఫిక్స్ కార్డు మాట వచ్చినది గనుక చెప్పెదము. అంగడివారు దానిని మిక్కిలి పొగడుదురు. ఆటలాడు కుఱ్ఱలకు అది కావలసినదే. సినిమా చూచు యింటికి అది వేడిని, సద్దును, కరెంటు ఖర్చును తెచ్చుటకు తప్ప మరేమియు చేయదు. ధర్మవరపు చీర కొనునప్పుడు అంచు జరీ చూచి మురియక, లోపలి పోగు వ్రేళ్ల నడుమ నలిపి చూచు నలవాటు మనకు కలదు. ఆ తెలివి ఇచ్చటను పనికివచ్చును.

మదర్‌బోర్డు విషయమున ఎక్కువ పెట్టనక్కఱలేదు. హెచ్610 రకము చాలును. కాని దాని హెచ్‌డీఎంఐ రంధ్రము ఏ తరమునకు చెందినదో పెట్టెమీద చదువుడు. కొన్నింట 1.4 మాత్రమే యుండును. అది 4కే బొమ్మను సెకనుకు ముప్పది మారులే పంపగలదు. 2.0 యైనచో అరువది మారులు పంపును. మీ టీవీ 1920 నిలువు గీతలు, 1080 అడ్డు గీతలు గల రకమైనచో ఈ భేదము మీకు లేదు; ఉన్న టీవీతోనే సంతోషముగా నుండుడు. ర్యామ్ ఎనిమిది జీబీలు, విండోసు వంటి వ్యవస్థకు 256 జీబీల ఎస్‌ఎస్‌డీ, అంతే. ఏఐ కేంద్రముల గిరాకివలన 2025 చివరినుండి ర్యామ్ ధరలు విపరీతముగా పెరిగినవి. అందుచే మేమొక్క పలకనే కొని, రెండవ గాడిని ఖాళీగా నుంచితిమి.

ఇక ఎవరును చెప్పని సంగతి సద్దు. పగటివేళ అంగడిలో ఏ యంత్రము సద్దును వినరాదు. ధర్మవరమున మగ్గములాడు నింటిలో వినరాకున్నను వినరాకపోవచ్చును. కాని పెనుకొండ కొండక్రింద, రాత్రి తొమ్మిది గంటలకు వీధి సద్దుమణిగినపిమ్మట, ముసలివారు పద్యము వినగోరునప్పుడు, ఆ ఫ్యాను గోల తేనెటీగల పట్టువలె తోచును. దీనికి మందు ఖరీదైనది కాదు. చిన్న ఫ్యాను వడిగా తిరుగుటకంటె 120 మిల్లీమీటర్ల పెద్ద ఫ్యాను మెల్లగా తిరుగుట మేలు. అంతే గాలి వచ్చును, సద్దు రాదు. గాలి లోనికి పోవుటకు ముందుభాగమున జాలి గల క్యాబినెట్ కొనుడు. అద్దపు పలకలు, రంగుదీపములు గలవానికి డబ్బు తగులబెట్టవలదు. చీకటిలో సినిమా చూచువారికి ఆ దీపములు కంటికి పోటు. బోర్డు అమరికలలో ఫ్యాను వడిని తగ్గించు వీలు కలదు. తగ్గించి, రెండు గంటల సినిమా నడపి, వేడి యెంతయో చూచుకొనుడు.

మా ప్రాంతపు వేసవిని తలచియే చెప్పుచున్నాము: యంత్రమును టీవీ క్రింది తలుపులున్న బల్లలో మూసిపెట్టరాదు. వెనుక జానెడు చోటు విడువవలెను. దుమ్ము మనకు కొదవ లేదు. ఆయుధపూజనాడు కుట్టుమిషనుకు, సైకిలుకు బొట్టుపెట్టువారు దీని మూతయు తీసి మెత్తని కుంచెతో దులుపుట మంచిది. దులుపునప్పుడు ఫ్యాను రెక్కను వ్రేలితో పట్టుకొనవలెను.

క్యాబినెట్‌తో చవుకగా కలిపి యిచ్చు ఎస్‌ఎంపీఎస్‌ను మేము పుచ్చుకొనలేదు. కరెంటును భాగములన్నిటికి పంచిపెట్టునది అదియే. అది చెడినచో తనతోపాటు తక్కినవానిని కూడ తీసికొనిపోగలదు. పెట్టెమీద '80 ప్లస్' గుర్తున్న మంచి సంస్థది, నాలుగువందల వాట్లలోపుదైనను చాలును. అటుపిమ్మట గోడలోని ఎర్తు చూపించుకొనుడు. పాత యిండ్లలో మూడవ రంధ్రము పేరునకే యుండును, లోన తీగ యుండదు. అట్టిచోట కంప్యూటరు ఇనుపపెట్టె ముట్టినచో చేయి జివ్వుమనును. ఎలక్ట్రీషియనును పిలిచి, ఉప్పు బొగ్గు వేసి గుంత పూడ్పించి తీగ వేయించుట గ్రాఫిక్స్ కార్డుకంటె వేయిమడుగులు మేలు. 600 వీఏ యూపీఎస్ ఒకటి పెట్టితిమి. దానికి కంప్యూటరును మాత్రమే తగిలింపుడు, టీవీని వలదు. కరెంటు పోయిన తక్షణము తీరికగా ఆపుటకే గాని, సినిమా ముగించుటకు కాదు. దాని బ్యాటరీ రెండు మూడేండ్లకు మార్చవలసియుండును. ఆ వ్యయము ముందే లెక్కలో వేసికొనుడు.

చిత్రములు దాచుటకు హార్డ్‌డిస్కు కావలెను. నిమిషమునకు 5400 చుట్లు తిరుగు రకము వడిగలదానికంటె సద్దు తక్కువ. వీడియోకు ఆ వేగము మించి యక్కఱలేదు. నాలుగు టెరాబైట్లని చీటి యున్నదానిని తగిలించినప్పుడు విండోసు 3.63 అని చూపును. గింజ తీసిన చింతపండువలె తరుగు పోయినదని బెంగపడవలదు. చేసినవారు వేయింటిని లెక్కింతురు, విండోసు 1024ను లెక్కించును, అంతియే. 4.7 జీబీల డీవీడీలు అందు ఎనిమిదివందలకు పైగా పట్టును.

క్యాసెట్ల నెక్కించుటకు యూఎస్‌బీకి తగిలించు క్యాప్చరు పరికరమొకటి దొరకును. పెండ్లిండ్లకు వీడియోలు తీయువారివద్ద పాత వీసీఆర్ అరువు తెచ్చితిమి. మూడు గంటల టేపునకు మూడు గంటలును పట్టును, తొందరపెట్టుటకు వీలులేదు. టేపుమీద తెల్లని బూజు కనబడినచో నడపరాదు. తెలిసినవారిచే ముందు శుభ్రము చేయించవలెను. మా మూడింటిలో ఒకదానికి అట్లే కావలసివచ్చెను. మన దేశపు పాత టేపునందు బొమ్మకు 576 గీతలే యుండును గనుక, 4కే తెరమీద నది అద్భుతముగా నుండునని యాశింపకుడు. కంఠము మాత్రము స్పష్టముగా వచ్చినది. నకళ్లు రెండు చేసి, ఒకటి పెనుకొండలో మా మరిదిగారి యింట నుంచితిమి. హార్డ్‌డిస్కు ఎంత మంచిదైనను ఒక్కటే నకలున్నది లేనిదానితో సమానము.

నడపుటకు కోడి యను ఉచిత ప్రోగ్రాము కలదు. మొదట ఆట యంత్రముకొఱకు పుట్టి, 2014లో ఈ పేరు దాల్చినది. బొమ్మలతో, పెద్ద యక్షరములతో నుండుటచే మా అత్తగారు మూడవనాటికి తానే నడపిరి. అందులో రెండు అమరికలు మరువవలదు. స్పీకర్లు రెండే యున్నప్పుడు 2.0 అని పెట్టుడు, 5.1 అని యుంచినచో సంభాషణలు సన్నగిల్లి సంగీతము మాత్రమే మ్రోగును. సినిమాలు సెకనుకు 24 బొమ్మలు గనుక, తెర వడిని సినిమాకు తగినట్లు మార్చు అమరికను తెరచినచో బొమ్మ తడబాటు తగ్గును. రిమోటు విషయమున, కంప్యూటర్లు సామాన్యముగా టీవీ రిమోటుకు లొంగవు. తీగలేని చిన్న కీబోర్డు, అందులోనే మౌసు పలక యున్నది, కొనుడు. ఇంట మగవారు కొని తెత్తురు, దినమంతయు దానితో కాపురము చేయునది మనము. కావున కీబోర్డును మాత్రము మీ చేతితో నొక్కి చూచియే తీసికొనుడు.

కొనుటకు మేము బెంగుళూరు ఎస్.పి. రోడ్డునకు పోయితిమి. హిందూపురమునుండి రైలులో ఇంచుమించు వంద కిలోమీటర్లు. ప్రొద్దున పోయి రాత్రికి రావచ్చును. హైదరాబాదు వైపువారికి సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు కలదు. నాలుగు కొట్లలో ధర కనుగొని, చీటీమీద వ్రాయించుకొనుడు. ప్రాసెసరు ముద్ర చెదరని పెట్టెతో నున్నచో ఇంటెల్ వారి మూడేండ్ల వారంటీ యుండును. పెట్టె లేనిదానికి కొట్టువాని మాటయే వారంటీ. బిల్లుమీద ప్రతి భాగపు సీరియల్ నంబరును వేయించుడు. ఒక కొట్టువాడు బిల్లు లేకున్న తగ్గింతునని చెప్పెను. మేము వెనుకకు తిరిగితిమి.

ముప్పదివేలు కూడ లేనివారు, కార్యాలయములు విడిచిన చిన్న కంప్యూటర్లను వాడుకచేసినవిగా కొనవచ్చును. తరము మాత్రము చూచుకొనవలెను. విండోసు 10కు 2025 అక్టోబరు 14తో మరమ్మతులు నిలిచిపోయినవి. విండోసు 11కు ఇంటెల్ ఎనిమిదవ తరమో అంతకు మీఁదిదో కావలెను. ఆఱవ తరముది ఎంత చవుకగా నిచ్చినను, హెచ్.265 పది బిట్ల బొమ్మను విప్పలేక అది మిమ్ము విసిగించును.

మా లెక్కలో తుదకు ఆఱువందల రూపాయలు మిగిలినవి. వానిని రెండవ ర్యామ్ పలకకై డబ్బీలో వేసితిమి. ధర దిగినప్పుడు గాడి సిద్ధముగా నున్నది.