గంజాం తీరంలో గుడారం

సముద్రం అంటే మనలో చాలామందికి పూరీయో, గోపాలపూరో, విశాఖ రామకృష్ణా బీచియో. మొక్కజొన్న కండెలు, గుర్రం మీద ఫొటో, చీకటి పడగానే ఇంటిముఖం. సెలవులకు వచ్చే పిల్లలకు ఇప్పుడు ఇది చాలడం లేదు. రెండు కుటుంబాలు కలిసి ఒక వ్యాను మాట్లాడుకుని, గుడారం వేసుకుని, జనం లేని ఒడ్డున ఒక రాత్రి గడపాలంటున్నారు. అలాంటి చోట్లు ఎక్కడున్నాయని మా బరంపురంలో నన్ను అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. వలలకూ, పడవలకూ ఇచ్చిన అప్పుల తనిఖీ పేరుతో సోనాపూర్ నుంచి రుషికుల్యా దాకా చాలా ఏళ్ళు తిరిగినవాణ్ణి కనుక నాకు తెలిసినంత వరకు రాస్తున్నాను.

మొదట ఒక తేడా గమనించాలి. పడమటి తీరంలో, గోకర్ణం వంటి చోట్ల, కొండలు సముద్రంలోకి చొచ్చుకొచ్చి మధ్య మధ్య చిన్న చిన్న ఇసుక గుడులు మిగులుతాయి. కొండ ఎక్కి దిగితే చాలు, ఏకాంతం దొరుకుతుంది. మన తూర్పు తీరం అలా కాదు. మైళ్ళ తరబడి తిన్నగా సాగే ఇసుక. ఇక్కడ ఏకాంతాన్నిచ్చేది కొండ కాదు, దారి లేకపోవడం. 16వ నంబరు జాతీయ రహదారికీ సముద్రానికీ మధ్య ఉప్పుటేరో, సరుగుడు తోటో, జీడి తోటో అడ్డం పడిన చోటల్లా ఒడ్డు ఖాళీగా ఉంటుంది. ఫోనులో ఉపగ్రహ పటం తెరిచి, తారురోడ్డు సముద్రానికి ఒక కిలోమీటరు ముందే ఆగిపోయే చోట్లు గుర్తు పెట్టుకోండి. అక్కడ పచ్చటి పట్టీ కనిపిస్తే సరుగుడు ఉన్నట్టు. పక్కనే ఒక పల్లె కూడా కనిపించాలి. పల్లె లేని చోటికి సంసారులు వెళ్ళకపోవడమే మంచిది. మంచినీళ్ళు, సాయం రెండూ పల్లెలోనే దొరుకుతాయి.

ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉన్న సోనాపూర్ నాకు అన్నిటికంటే ఇష్టం. ఇచ్ఛాపురం మీదుగా వచ్చే బాహుదా నది ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. బరంపురం నుంచి సుమారు ముప్పై కిలోమీటర్లు. ఆదివారాలు వనభోజనాలవాళ్ళు వస్తారు గాని, మామూలు రోజుల్లో ఊరు దాటి కొంచెం నడిస్తే పీతలు తప్ప పలకరించేవాళ్ళుండరు. ఛత్రపురం దగ్గరి ఆర్యపల్లి కూడా ప్రశాంతమైనదే. అయితే ఆ ప్రాంతంలో ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ ఇసుకలోంచి ఇల్మెనైట్, మోనజైట్ వంటి ఖనిజాలు తీస్తుంది. ఆ తవ్వకాల వైపు పోకూడదు. గోపాలపూర్ దగ్గరి గోలబంధలో సైన్యం వారి ఫైరింగ్ రేంజి ఉంది, అటూ అంతే. గోపాలపూర్ సంగతి అందరికీ తెలుసు. మన తెలుగు కూలీలు ఒకప్పుడు స్టీమర్లెక్కి రంగూన్‌కు ప్రయాణమైన రేవు అది. గుడారానికి మాత్రం పనికిరాదు, దీపాలూ దుకాణాలూ మరీ ఎక్కువ.

ఇక రుషికుల్యా నదీముఖం. అందంలో దీనికి సాటి వచ్చే చోటు ఈ తీరంలో లేదు, కానీ గుడారం వేయకూడని చోటు కూడా ఇదే. ఇక్కడికి సముద్రపు తాబేళ్ళు, ఆలివ్ రిడ్లేలు, గుంపులు గుంపులుగా గుడ్లు పెట్టడానికి వస్తాయన్న సంగతి శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చింది 1994లో. 2025 ఫిబ్రవరిలో ఆరు లక్షలకు పైగా వచ్చాయి. ఒక్కొక్కటీ వెనక కాళ్ళతో గొయ్యి తవ్వి, నూరుకు పైగా గుడ్లు పెట్టి, పూడ్చి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోతుంది. దాదాపు ఏడు వారాలకు పిల్లలు రాత్రిపూట పైకొస్తాయి. ఎటు వెలుతురుంటే అటే సముద్రమని వాటి లెక్క. నీళ్ళ మీద ఆకాశం నేల మీదికంటే కాస్త తేటగా ఉంటుంది కదా! అందుచేత మనం ఒడ్డున ఒక పెట్రోమాక్సు లైటో, వ్యాను హెడ్‌లైటో వేస్తే ఆ పిల్లలు సముద్రానికి వీపు పెట్టి మనవైపు నడిచి వస్తాయి. తెల్లవారాక మిగిలేది కాకులకూ కుక్కలకూ.

చిక్కేమిటంటే, మనకు గుడారానికి హాయిగా ఉండే నెలలూ వాటి నెలలూ దాదాపు ఒక్కటే. అక్టోబరు, నవంబరుల్లో తుపాను భయం. 2013 అక్టోబరు 12న పైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చింది. మార్చి దాటితే ఎండ. మిగిలేది డిసెంబరు, జనవరి. నా సలహా ఏమిటంటే, ఆ రెండు నెలల్లో సోనాపూర్ వైపు పెట్టుకోండి, అక్కడా రాత్రి దీపం వీలైనంత తగ్గించండి, ఎందుకంటే ఒకటీ అరా తాబేలు ఏ ఒడ్డునైనా ఎక్కవచ్చు. ఫిబ్రవరి నుంచి రుషికుల్యాకు అటవీశాఖ వారి అనుమతితో, వారు చూపించినంత మేరకు చూసి రండి. ఈ తాబేళ్ళ కోసం నవంబరు 1 నుంచి మే 31 వరకు నదీముఖానికి ఇరవై కిలోమీటర్ల పరిధిలో మరపడవల వేట నిషేధం. ఏడు నెలల సంపాదన వదులుకుంటున్న మనుషుల ఎదుట మనం ఒక రాత్రి సరదా వదులుకోలేమా అనిపిస్తుంది.

ఆ మనుషులెవరో కూడా చెప్పాలి. ఒడిశాలో నోలియాలనే బెస్తవారిలో చాలామంది మన వాడబలిజలు. పూరీ పెంఠకటలోనూ, ఈ గంజాం పల్లెల్లోనూ ఇంట్లో తెలుగే. 1936లో గంజాం ఒడిశాలో కలిసినా, బడిలో ఒడియా చదివినా, వల లాగేటప్పుడు వేసే కేక తెలుగులోనే. మనం జనం లేని ఒడ్డు అనుకునేది వాళ్ళకు వల ఆరబెట్టుకునే పెరడు, చేపలు ఎండబెట్టుకునే కళ్ళం. పొద్దున్నే వాళ్ళ కాలకృత్యాలకూ అదే, దాచడమెందుకు! కాబట్టి ముందు ఊళ్ళోకి వెళ్ళి, పెద్దలను అడిగి, వాళ్ళు చూపించిన చోట దిగాలి. రాత్రి కాపలాకు ఒకరిని మాట్లాడుకుని, చేపల కూర వాళ్ళింట్లోనే వండించుకుని, అడిగినంత ఇచ్చేస్తే మంచిది. హోటల్లో నోరెత్తకుండా బిల్లు కట్టేవాళ్ళు ఇక్కడ అర్ధ రూపాయి దగ్గర బేరమాడతారు, అదేం లెక్కో నాకు అర్థం కాదు. ఒకసారి బెంగళూరు నుంచి వచ్చిన మా బంధువుల పిల్లలు నీళ్ళు కావాలని ఇంగ్లీషులో అడిగితే, చేపలు ఆరబెడుతున్న ముసలమ్మ నావైపు తిరిగి, "ఏటి బాబూ, మనోళ్ళ పిల్లలేనా? మాట రాదేటి?" అంది. వాళ్ళ అమ్మ ముఖం చూడలేకపోయాను. సాయంత్రానికి ఆ పిల్లలు ఆమె పక్కన కూర్చుని కవళ్ళు, పండుగప్ప, వంజరం పేర్లు నేర్చుకున్నారు.

సముద్రస్నానం విషయంలో మాత్రం ఎవరి మాటా వినకండి, నోలియా మాట తప్ప. తూర్పు తీరంలో ఒడ్డు నిటారుగా దిగిపోతుంది, మోకాలి లోతు నాలుగడుగుల్లో మెడ లోతవుతుంది. అలలు విరుగుతున్న చోట్ల మధ్య ఎక్కడైనా నీరు విరగకుండా, కాస్త నల్లగా, నెమ్మదిగా కనిపిస్తే పిల్లలు అక్కడికే పరిగెడతారు. లోపలికి లాగే ప్రవాహం ఉండేది సరిగ్గా అక్కడే. చిక్కుకున్నవారు ఒడ్డుకు ఎదురీదితే అలిసిపోతారు. ఒడ్డు వెంబడి పక్కకు ఈది, లాగుడు తగ్గాక బయటికి రావాలి. నదీముఖంలో అసలు దిగకూడదు.

గుడారం వేసేటప్పుడు పంచాంగం దగ్గరుంచుకోండి. అమావాస్యకూ పున్నమికీ, ఆ తరువాత ఒకటి రెండు రోజులూ పోటు పెద్దది. అష్టమి ప్రాంతంలో చిన్నది. రోజు రోజుకీ పోటు వేళ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటుంది. నాచు, పుల్లలు, గవ్వలు వరసగా పడి ఉన్న గీత నిన్నటి పోటుది. అష్టమినాడు ఆ గీత చూసి, దాని పక్కనే గుడారం వేసి వారం రోజులుందామనుకుంటే పున్నమికి పరుపులు తడుస్తాయి. సరుగుడు తోటలో నీడ బాగుంటుంది గాని ఎండుటాకు అగ్గిపుల్లకు కాచుకుని ఉంటుంది, పొయ్యి తోట బయటే వెలిగించాలి. తోట సాధారణంగా అటవీశాఖదే కనుక అనుమతి కూడా అడగాలి.

వ్యాను గట్టి నేల మీదే ఆపి, మూతి రోడ్డు వైపు తిప్పి పెట్టండి. చక్రం ఇసుకలో కూరుకుంటే ఆక్సిలేటరు తొక్కినకొద్దీ ఇంకా దిగుతుంది. టైర్లలో కొంత గాలి తీసి, చక్రాల కింద చెక్కలో గోనెలో వేసి, మెల్లగా కదిలించాలి. గాలి తీశారు కనుక పంపు వెంట ఉండాలి. తాగడానికీ వంటకీ కలిపి మనిషికి రోజుకు ఐదు లీటర్ల నీళ్ళు, ఒక పార, పొడుగాటి మోకు, చెత్త తిరిగి తెచ్చుకోవడానికి రెండు గోనె సంచులు పట్టుకెళ్ళండి. తిరిగి వచ్చిన మర్నాడే వ్యాను అడుగుభాగం మంచినీళ్ళతో కడిగించండి, ఉప్పు గాలికి సైలెన్సరు ముందు తుప్పు పడుతుంది.