చైనా లిపి ముందు యంత్రమే వంగింది

కొత్త యంత్రం వచ్చిందంటే పాత అలవాటు మూటాముల్లె సర్దుకోవలసిందేనన్నది ఈ కాలపు నమ్మకం. దాన్ని పరీక్షించి చూడటానికి చైనాను మించిన చోటు లేదు. వీధిలో కూరగాయలు కొన్నా ఫోన్‌తోనే డబ్బు చెల్లించే దేశం అది. మూడు వేల ఏళ్లు పైబడిన లిపిని ఇప్పటికీ రోజువారీ పనులకు వాడుతున్న దేశమూ అదే. ఈ రెండూ పక్కపక్కన ఎలా బతుకుతున్నాయని అడిగితే ప్రభుత్వ పట్టుదల అనో, జాతీయాభిమానం అనో జవాబు వస్తుంది. చరిత్ర తిరగేస్తే సంగతి వేరు. ఒక దశలో అక్కడి మేధావులూ, పాలకులూ కూడా ఆ లిపిని వదిలించుకునే దారులు వెతికారు. అయినా అది నిలిచిందంటే కారణం ఒక్కటే. కోట్లమంది దాన్ని వాడటం మానలేదు. వాళ్ల కోసం పత్రిక అచ్చువేయాలన్నా, వాళ్లకు ఫోన్ అమ్మాలన్నా యంత్రమే మారవలసి వచ్చింది.

ముందు చిక్కు ఎక్కడుందో చూడాలి. తెలుగు అచ్చుకు గుణింతాలు, వత్తులు కలుపుకుని కొన్ని వందల టైపు ముక్కలుంటే పని జరిగిపోతుంది. చైనీస్‌లో ఒక్కో గుర్తు ఒక మాటకో, మాటలో ఒక భాగానికో నిలుస్తుంది. పత్రిక చదవడానికే రెండు మూడు వేల గుర్తులు వచ్చి ఉండాలి. పెద్ద నిఘంటువుల్లో అవి పదుల వేలు. 1040 ప్రాంతంలోనే, అంటే గుటెన్‌బర్గ్ కంటే నాలుగు వందల ఏళ్ల ముందే, బీ షెంగ్ కాల్చిన మట్టితో విడి అక్షరాల అచ్చు కనిపెట్టాడు. అయినా ఆ తర్వాత శతాబ్దాల పాటు చైనాలో పుస్తకాలు ఎక్కువగా చెక్కిన చెక్కపలకలతోనే అచ్చయ్యాయి. అన్ని వేల ముక్కలు పోతపోసి, భద్రపరిచి, వెతికి పట్టుకోవడం కన్నా పేజీ మొత్తం చెక్కడమే చౌక కావడం అందుకొక ముఖ్య కారణం. 19వ శతాబ్దంలో టెలిగ్రాఫ్ వచ్చినప్పుడు ఈ చిక్కు నేరుగా జేబుకే తగిలింది. ఒక్కో గుర్తుకు నాలుగంకెల సంఖ్య కేటాయించి ఆ అంకెలను మోర్స్ సంకేతాల్లో పంపేవారు. మోర్స్‌లో అక్షరాల కంటే అంకెల సంకేతాలే పొడుగు. తంతి కొట్టిన ప్రతిసారీ చైనీస్ రాసినందుకు పన్ను కట్టినట్టే అయింది. షాంఘైలోని కమర్షియల్ ప్రెస్ తయారుచేసిన టైపు మిషన్‌కైతే అసలు కీలే లేవు. రెండున్నర వేల దాకా సీసపు అక్షరాలు పేర్చిన పళ్లెం ఉండేది. టైపిస్టు ఒక్కో ముక్కనూ వెతికి కాగితం మీద కొట్టాలి.

ఇదంతా చూసి లిపినే తప్పుపట్టినవాళ్లు తెలివితక్కువవాళ్లేమీ కాదు. భాషావేత్త చియెన్ షువాన్‌తుంగ్ 1918లోనే ఆ లిపిని రద్దు చేయాలన్నాడు. ఆధునిక చైనా సాహిత్యానికి పెద్దదిక్కయిన లూ షున్ 1930లలో రోమన్ లిపి వైపు నిలబడ్డాడు. నిరక్షరాస్యత, పేదరికం, విదేశీయుల పెత్తనం కళ్లారా చూసిన తరం అది. లిపి తేలికైతే చదువు త్వరగా వస్తుందని వాళ్లు నమ్మారు. 1949 తర్వాత వచ్చిన కమ్యూనిస్టు నాయకత్వంలోనూ ఎప్పటికైనా రోమన్ లిపికి మారాలన్న ఆలోచన ఉండేది. 1956లో చాలా అక్షరాలను తక్కువ గీతలకు కుదించారు. 1958లో పిన్‌యిన్ అనే రోమన్ వర్ణక్రమం అమల్లోకి వచ్చింది. దాన్ని రూపొందించినవారిలో ముఖ్యుడైన జౌ యూగ్వాంగ్ ఆ తర్వాత దాని ఫలితాలన్నీ చూసి 2017లో 111 ఏళ్ల వయసులో చనిపోయాడు. పొరుగునున్న వియత్నాం అప్పటికే చైనా గుర్తులు వదిలేసి రోమన్ లిపికి వెళ్లిపోయింది. కాబట్టి చైనాలో లిపి మిగలడం విధిలిఖితం కాదు. పోయే అవకాశం నిజంగానే ఉండింది.

ఈ పెద్ద చర్చలు పైన నడుస్తుండగా, కింద అచ్చు కార్ఖానాల్లో ఇంకొక పని జరిగింది. చరిత్ర పుస్తకాలు దీనికి ఇవ్వవలసినంత చోటు ఇవ్వలేదు. 1950ల మొదట్లో హెనాన్ రాష్ట్రంలోని కైఫెంగ్‌లో జాంగ్ జియింగ్ అనే కంపోజిటర్ తన ముందున్న సీసపు అక్షరాలను నిఘంటువు వరసలో కాకుండా, పత్రికల్లో ఏ మాట పక్కన ఏ మాట వస్తుందో ఆ వరసలో పేర్చుకున్నాడు. ఒక ముక్క తీస్తే రాబోయే ముక్క దాని పక్కనే ఉండేది. గంటకు మూడు వేలకు పైగా అక్షరాలు కూర్చి పేరు తెచ్చుకున్నాడు. అతన్ని చూసి టైపిస్టులు కూడా తమ పళ్లేలు తిరిగి పేర్చుకున్నారు. మనం ఒక మాట కొట్టగానే ఫోన్ తర్వాతి మాట అందిస్తుందే, ఆ సూత్రం ఇదే. మరో వైపు రచయిత లిన్ యూటాంగ్ అమెరికాలో తన సొంత డబ్బంతా పోసి, అప్పులపాలై 1947లో మింగ్‌క్వాయ్ అనే టైపు మిషన్ నమూనా తయారుచేశాడు. దానికి 72 కీలు. అక్షరం పైభాగం ఎలా ఉంటుందో, కిందిభాగం ఎలా ఉంటుందో రెండు కీలతో చెబితే చిన్న కిటికీలో ఎనిమిది దాకా అక్షరాలు కనిపిస్తాయి. కావలసిన దాని అంకె నొక్కితే అచ్చుపడుతుంది. ఆ మిషన్ మార్కెట్లోకి రాలేదు. ఆ పద్ధతి మాత్రం నేడు చైనాలో ప్రతి ఫోన్‌లోనూ ఉంది.

కంప్యూటర్ వచ్చాక అడ్డంకి మరోచోట తగిలింది. వేల అక్షరాలను రకరకాల అచ్చుల్లో, రకరకాల సైజుల్లో చుక్కచుక్కగా దాచాలంటే 1970ల నాటి కంప్యూటర్ల జ్ఞాపకశక్తి ఏ మూలకూ చాలదు. పెకింగ్ విశ్వవిద్యాలయంలో వాంగ్ షువాన్ ఈ సమస్య మీద కూర్చున్నాడు. అక్షరాన్ని చుక్కలుగా దాచకుండా, దాని అంచుల గీతలను గణిత సూత్రాలుగా మార్చి దాచి, అచ్చువేసే క్షణంలో మళ్లీ ఆకారంలోకి తెచ్చే పద్ధతి కనిపెట్టాడు. అప్పట్లో మిగతా ప్రపంచం వాడుతున్న ఫోటో కంపోజింగ్ దశలను దాటేసి నేరుగా లేజర్ కూర్పుకు వెళ్లడం అతని సాహసం. 1987లో బీజింగ్‌లోని ఎకనామిక్ డైలీ సీసాన్ని వదిలి ఈ పద్ధతికి మారింది. కొన్నేళ్లకు దేశంలోని పత్రికలు దాదాపు అన్నీ అదే దారి పట్టాయి. ఇక కీబోర్డు సంగతికొస్తే, 1983లోనే వాంగ్ యోంగ్‌మిన్ వూబి పద్ధతి తెచ్చి, మామూలు ఇంగ్లిషు కీబోర్డు మీద నాలుగు నొక్కులకు మించకుండా ఏ అక్షరాన్నయినా రాయవచ్చని చూపించాడు. చివరికి జనం మాత్రం తేలికైన పిన్‌యిన్‌కే ఎక్కువగా మొగ్గారు. ఉచ్చారణను రోమన్‌లో కొడితే తెర మీద చైనీస్ గుర్తులు వరసకడతాయి, ఒకటి ఎంచుకోవాలి. 2006లో వచ్చిన సోగౌ సాఫ్ట్‌వేరు, జనం ఇంటర్నెట్‌లో వెతుకుతున్న మాటలను బట్టి ఆ వరసను సరిదిద్దుకోవడం మొదలుపెట్టింది. లిపి స్థానంలోకి రావచ్చని కొందరు ఆశించిన రోమన్ వర్ణక్రమం ఇలా ఆ లిపికే వాహనమైంది.

లిపి నిలిచిందన్న ఈ వాదానికి బలమైన అభ్యంతరం ఒకటుంది. తెర మీద అక్షరం గుర్తుపట్టడం వేరు, చేత్తో రాయడం వేరు. కలం పట్టగానే అక్షరం మరిచిపోవడం చైనాలో ఇప్పుడు సర్వసాధారణమైన ఫిర్యాదు. 2013లో జాతీయ టెలివిజన్ అక్షరాల శ్రుతలేఖనం పోటీ పెట్టినప్పుడు, గోదురుకప్ప పేరు రాయమంటే స్టూడియోలోని పెద్దవాళ్లలో 30 శాతం మందే తప్పు లేకుండా రాశారని వార్తలొచ్చాయి. ఈ నష్టం నిజమే. లిపి మిగిలింది కదా, చాలు అనడం దీనికి జవాబు కాదు. చేతిరాత కూడా ఆ సంస్కృతిలో పెద్ద భాగం. కాకపోతే రెండు సంగతులు గమనించాలి. ఒకటి, ఆ పోటీని జనం ఎగబడి చూశారు; పోతున్నదేమిటో వాళ్లకు తెలుసు. రెండు, బడి ఇంకా పట్టు వదల్లేదు. ఏటా జూన్‌లో జరిగే కళాశాల ప్రవేశ పరీక్షలో సాధారణంగా 800 అక్షరాలకు తగ్గని వ్యాసాన్ని విద్యార్థులు ఇప్పటికీ చేత్తోనే రాయాలి. యంత్రం మోయలేని బరువును సమాజం పూనుకుని మోయవలసిందే. అది దానంతటదే జరిగిపోదు.

లిపి సంగతి సరే, ఆచారాలు మాత్రం వ్యాపారుల పాలయ్యాయి కదా అని మరొకరు అడగవచ్చు. చైనా కొత్త సంవత్సరానికి పెద్దలు పిల్లలకు ఎర్ర కవరులో డబ్బు పెట్టి ఇస్తారు. దాన్ని హాంగ్‌బావ్ అంటారు. 2014 జనవరిలో టెన్సెంట్ కంపెనీ తన సందేశాల యాప్ వీచాట్‌లో దాన్ని పెట్టింది. గ్రూపులో ఒకరు కొంత మొత్తం వదిలితే, ముందు అందుకున్నవాళ్లకు ఎవరికెంత వస్తుందో తెలియకుండా అది పంచుకుపోతుంది. 2015 పండుగ ముందురాత్రి ఒక్కటే వంద కోట్లకు పైగా ఎర్ర కవర్లు చేతులు మారాయి. కంపెనీకి ఇందులో దయాదాక్షిణ్యాలేమీ లేవు. కవరు పంపాలంటే బ్యాంకు కార్డు జతచేయాలి. ఆ ఒక్క ఎత్తుతో కోట్లమంది ఫోన్ చెల్లింపుల్లోకి వచ్చిపడ్డారు. పెద్దల ఆశీర్వాదంగా ఉన్నది కొంత జూదంలా మారిందన్న విమర్శలోనూ నిజముంది. అయినా ఎవరు ఎవరిని వాడుకున్నారో చూడాలి. డబ్బు పంపే సౌకర్యం అంతకుముందూ ఉంది, జనాన్ని కదిలించలేకపోయింది. కదిలించింది పండుగ. కంపెనీ ఆ పాత తలుపు తట్టాకే దానికి ఇంట్లోకి ప్రవేశం దొరికింది.

చైనా పెద్ద దేశం, పెద్ద మార్కెట్టు, దానికి ఏమైనా చెల్లుతుందనే వాదాన్ని తెలుగువాళ్లు కొంచెం ఆలోచించి అనాలి. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 8.11 కోట్లు. చాలా దేశాలతో పోల్చితే చిన్న మార్కెట్టు కాదది. మన ఫోన్లలో తెలుగు కీబోర్డుంది, రోమన్‌లో కొడితే తెలుగులోకి మార్చేది ఉంది, మాట్లాడితే రాసిపెట్టేదీ ఉంది. అయినా వాట్సాప్‌లో చాలా తెలుగు రోమన్ అక్షరాల్లోనే తిరుగుతోంది. చైనావాళ్లకు మనకన్నా భాషాభిమానం ఎక్కువని కాదు. ఒకే ఉచ్చారణతో పదుల గుర్తులుండటం వల్ల వాళ్లు రోమన్ దగ్గర ఆగిపోతే అర్థం చెడుతుంది. మనకు ఎలాగో తెలిసిపోతుంది. అవసరం వాళ్లను తమ లిపి దాకా తీసుకెళ్లింది, మనకు ఆ ఒత్తిడి లేదు. అందుకే మన విషయంలో అవసరం చేయని పనిని ఇష్టపడి చేసుకోవాలి. ఎక్కువమంది వాడే కొద్దీ కీబోర్డు సూచనలు మెరుగవుతాయి కూడా. ఇంటి గ్రూపులో రేపు పొద్దున పంపే సందేశం ఎంత చిన్నదైనా సరే, తెలుగు అక్షరాల్లో పంపండి.