లాకు వేరు, లాకప్ వేరు

ధవళేశ్వరం: గోదావరి జిల్లాల్లో ‘లాకు’ అంటే తాళం అనుకునేవారు తక్కువ. కాలువ మీద తలుపులే గుర్తుకొస్తాయి. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది. డెల్టా కాలువల్లో పడవలు ఎక్కడానికీ దిగడానికీ ఈ లాకులు కట్టారు. పడవ లోపలికి రాగానే వెనుక తలుపు మూసి, నీటిమట్టం సరిచేసి, ముందు తలుపు తీసేవారు. సరుకు పడవలు పోయాయి గానీ మాట పోలేదు. ‘లాకుల దగ్గర ఆపండి’ అంటే బస్సు కండక్టరుకు ఇప్పటికీ అర్థమవుతుంది.

ఆ లాకుకే ‘అప్’ చేరితే పోలీసు స్టేషన్ గది అయింది. ‘అప్’ అంటే పైకి అని బడిలో నేర్పుతారు. లాకప్ ఏమీ మేడమీద ఉండదు. ఇక్కడ ‘అప్’ అంటే పూర్తిగా అని. ఇంగ్లీషులో ‘ఈట్’ అంటే తినడం, ‘ఈటప్’ అంటే మిగల్చకుండా తినేయడం. మన భాషలో ఈ పని ‘వేయు’ చేస్తుంది. తిన్నాడు, తినేశాడు, కట్టాడు, కట్టేశాడు. తినేసినవాడు దేన్నీ ఎక్కడా వేయలేదు కదా! దుకాణం ‘లాకప్’ చేయడమంటే తలుపులు, కిటికీలు అన్నీ చూసుకుని మూసేయడం. చేతికి రాకుండా ఇరుక్కున్న పైకానికీ ఇదే మాట.

ఇంగ్లీషువారు ఈ రెండు ముక్కలనూ విడదీసి, మనిషిని మధ్యలో పెట్టి ‘లాక్ హిమ్ అప్’ అంటారు. పాపం, భాషలోనూ అతను ఇరుక్కున్నట్టే!

అయితే ఈ మూసేయడానికి రాజ్యాంగం గడువు పెట్టింది. 22వ అధికరణం ప్రకారం అరెస్టయినవారిని, ప్రయాణ సమయం పోను, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. కారణం చెప్పాలి. వకీలును కలవనివ్వాలి. 2024 జులై 1 నుంచి కొత్త నేర విచారణ చట్టం వచ్చినా 24 గంటల లెక్క మారలేదు. అరెస్టు కాగితంలో తేదీ, వేళ ఉండాలనీ, దానిపై ఇంటివారో ఊళ్లో పరువైనవారో సాక్షి సంతకం చేయాలనీ డి.కె. బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు చెప్పింది.

పల్లెల్లో చాలామంది ఆ కాగితం సంగతి అడగరు. పెద్దమనిషి వచ్చి మాట్లాడితే వదిలేస్తారులే అని స్టేషన్ ముందు చెట్టు కింద కూర్చుంటారు. ఈలోగా గంటలు గడిచిపోతాయి. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతోంది. ఇందుకు రాజమహేంద్రవరం, ఏలూరులలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలకు ఇంటివారు అర్జీ పెట్టుకోవచ్చు.